వంటింటి వినికిడి

ఆ వేసవిలో మా వదిన పని నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె జడలో ఒక ఘాటు ఉండేది. దగ్గరికి వెళితే ఉల్లిపాయ కోసినట్టు కళ్లు చెమర్చేవి. కోల్డ్ స్టోరేజీ గదులను చల్లబరిచే గ్యాసు వాసన అది. మొదట్లో వారానికోసారి వచ్చేది. ఎండలు ముదిరేకొద్దీ రోజూ రావడం మొదలైంది. తలంటుకున్నా పోయేది కాదు. "నన్ను కట్టుకున్నందుకు మీ అన్నయ్య ఏనాడూ కంటతడి పెట్టలేదు. ఇన్నాళ్లకి పెడుతున్నాడు చూడవే" అని వదిన నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా ఆ నవ్వు మీదే నాకు ఎక్కువ కోపం.

మేం ముగ్గురం పనిచేసేది ఒకే చోట, పళ్లూ కూరగాయలూ నిలవచేసే ఆ కోల్డ్ స్టోరేజీలోనే. తూర్పు వైపు ప్యాకింగ్ హాలు, దానికి పెద్ద గేటు. హాలు వెనకనుంచి పొడుగాటి నడవా, నడవా మొదట్లో మిషన్ల గది, ఆ తర్వాత అటూ ఇటూ ఐసు గదులు, చివర పడమటి తలుపు. వదిన ప్యాకింగ్ హాల్లో మేస్త్రి. అన్నయ్యా నేనూ గేటు పక్కన మేడ మీద, నోటీసు గదిలో కూర్చునేవాళ్లం. ఏ గోడకి ఏ కాగితం అంటించాలన్నా అది మా చేతుల మీదుగా పోవాల్సిందే. అన్నయ్య రాస్తాడు, నేను తప్పులు దిద్దుతాను. అందుకే వదిన నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. "ఏమే అచ్చుతప్పూ" అనేది.

అక్కడ నాలుగు భాషల వాళ్లు పనిచేసేవారు. మిషన్ల దగ్గర మావాళ్లు. ప్యాకింగు వాళ్లది ఒక భాష, పెట్టెలు మోసేవాళ్లది ఒకటి, ఐసు గదుల వాళ్లది ఇంకొకటి. లిపి మాత్రం నలుగురిదీ ఒకటే. ఇంకేం, అదృష్టం కదా అంటారు తెలియనివాళ్లు. మా తలనొప్పంతా అక్కడే. అవే అక్షరాలు, అదే మాట, మనిషికో అర్థం. నాన్న నోటీసు గదిలో పనిచేసిన రోజుల్లో ఎవరో ఆఫీసరు, పని నేర్పే గది మీద 'శిక్ష' అని రాయించాడట. ప్యాకింగు వాళ్ల భాషలో అది చదువు. మావాళ్లలో కొత్తగా చేరినవాళ్లు ఆ బోర్డు చూసి ఇంటిదారి పట్టారు. 'రేపు అవకాశం' అని నోటీసు పెడితే మావాళ్లు అదనపు పని దొరుకుతుందని తెల్లారకముందే గేటు ముందు నిలబడ్డారు. ప్యాకింగు వాళ్లకి ఆ మాటంటే సెలవు, ఒక్కరూ రాలేదు. మోతవాళ్ల భాషలో 'సంసారం' అంటే కబుర్లాడుకోవడం. 'పనివేళల్లో సంసారం కూడదు' అని వాళ్లకోసం పెట్టిన బోర్డు ముందు మావాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారట. ఇలాంటివన్నీ నాన్న ఒక పుస్తకంలో రాసి పెట్టాడు. దాన్ని కవలల పుస్తకం అనేవాడు. మొహాలు ఒకటే, బుద్ధులు వేరు.

పుస్తకం కన్నా నాన్న నమ్ముకున్నది వినికిడిని. నోటీసు ఎక్కడ అంటించబోతారో అక్కడికే వెళ్లాలి. ఆ భాష తప్ప మరోటి రాని మనిషిని, అక్కడే పనిచేసే మనిషిని పిలిచి చదివి వినిపించాలి. భాషకొక మనిషి. అర్థమైందా అని మాత్రం అడక్కూడదు. "అర్థమైందా అంటే గాడిద కూడా తలూపుతుంది" అనేవాడు నాన్న. 'ఇప్పుడేం చేస్తావ్?' అని అడగాలి. విన్న మనిషి నోటితో చెబితే చాలదు, లేచి చేసి చూపించాలి. స్విచ్చు ఆపమని రాసి ఉంటే వెళ్లి ఆ స్విచ్చు మీద చెయ్యి వెయ్యాలి. అప్పుడే చీటీ మీద సంతకం. నలుగురివి నాలుగు సంతకాలు, పక్కన 'స్థలం' అని ఒక గడి. ఆ గడి నింపడం నా పని.

ఎండాకాలం మొదట్లో కొత్త మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, కాలు నిలవని మనిషి. ఒక మధ్యాహ్నం మా గదికి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా మాట్లాడాడు.

"గ్యాసు వాసన వస్తే ఏం చెయ్యాలో ఒక నోటీసు కావాలి మాస్టారూ. నడవాలో పెట్టాలి. సోమవారం తనిఖీ ఉంది."

"అయితే వాసన వస్తున్న మాట నిజమేనన్నమాట" అన్నాను నేను.

"ఎక్కడో పైపు అతుకు వదులైంది. సీజను అవగానే మిషను ఆపి చూస్తాం. ఇప్పుడు ఆపితే గదుల్లో సరుకంతా కుళ్లిపోతుంది."

అన్నయ్య గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. "రాయడం ఇవాళే రాసేస్తానండీ. వినికిడికి రెండ్రోజులు పడుతుంది."

"వినికిడంటే?"

అన్నయ్య చెప్పాడు. నాన్న సంగతి కూడా చెప్పాడు. మేనేజర్ అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"అంటే నలుగురు పని మానుకుని నడవాలో నాటకం ఆడాలి. ఈ సీజన్లో! మాస్టారూ, బయట ప్రెస్సుకిస్తే సాయంత్రానికల్లా నాలుగు భాషల్లోనూ చేసిస్తామంటున్నారు. మనకి ఈ గది ఎందుకని పైవాళ్లు నన్ను అడుగుతున్నారు. మీ తరఫున నేను మాట్లాడుతున్నాను. కాస్త నా మాట నిలబెట్టండి."

అతను వెళ్లిపోయాక అన్నయ్య బల్ల మీద ఉన్న రబ్బరు ముద్రని తిప్పి తిప్పి చూశాడు. నాన్న వేలి అరుగుదల ఇంకా దాని పిడి మీద ఉంది. అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఈ గది పోతే తను ఏ పనికీ పనికిరానని ఆయన నమ్మకం.

ఆ సాయంత్రం వంటింట్లో ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వదిన పుట్టింది మోతవాళ్ల ఇంట్లో, పెరిగింది ఐసు గదుల వాళ్ల వీధిలో, పని నేర్చింది ప్యాకింగులో, మెట్టింది మా ఇంట్లో. గొంతు మాత్రం నాలుగు భాషల్లోనూ ఒకటే, గోడ అవతలి వాళ్లని కూడా లేపేంత గొంతు. అన్నయ్య మెతుకు ముట్టకుండా కూర్చోవడం చూసి ఏమైందని అడిగింది. నేను చెప్పాను. చెప్పి ఊరుకుంటే బాగుండేది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, నాలుగు భాషల మనిషిని ఇంట్లో పెట్టుకుని నలుగురి కోసం తిరగడం దేనికి అన్నయ్యా?" అన్నాను.

సరదాకే అన్నాను. అని నీళ్లు తాగాను. అన్నయ్య నవ్వలేదు. కంచంలోంచి తలెత్తి వదిన వైపు చూశాడు.

"నిజమే" అన్నాడు.

చేతులు కడుక్కుని చిత్తుప్రతి తెచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో 'అవసర ద్వారం' అని ఉంది. వదిన ఆ మాట దగ్గరే ఆగి పకపకా నవ్వింది.

"ఇదేం మాటండీ! మా వీధి వాళ్లకి అవసరం అంటే తొందర. ఒకళ్ల మీద ఒకళ్లు పడి తొక్కుకుంటారు. మా పుట్టింటి వాళ్లకి అవసరం అంటే వీలు దొరకడం. ఎప్పుడో వీలు చిక్కినప్పుడు పోయే తలుపు కాబోలు అనుకుంటారు. ఇక మీవాళ్లున్నారే, నాకేం అవసరం అని కూర్చుంటారు."

అన్నయ్య మొహం వెలిగింది. పుస్తకంలో ఆ మాట ఉంది, అయినా తనే చూసుకోలేదు. వెంటనే కొట్టేశాడు. తర్వాత రెండు గంటలు ముగ్గురం ఒక్కో మాటనీ పట్టుకుని పీకాం. ఏ భాషలో ఏ మాటకి కవల ఉందో వదిన చెప్పడం, అన్నయ్య మార్చడం. చివరికి మిగిలింది ఇది: గ్యాసు వాసన వస్తే మిషన్ల వైపు వెళ్లవద్దు. తడిగుడ్డ ముక్కుకి కట్టుకోండి. పడమటి తలుపులోంచి బయటికి వెళ్లండి. నాలుగు భాషల్లోనూ అందులో వంక పెట్టడానికి లేదు. ఇవాళ్టికీ లేదు.

"ఊఁ, ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు అన్నయ్య, నాన్న గొంతుతో.

వదిన లేచింది. చేతిగుడ్డ నీళ్లలో ముంచి ముక్కుకి కట్టుకుంది. కళ్లు పెద్దవి చేసి, చేతులు ముందుకు చాచి, తడుముకుంటున్నట్టు నటిస్తూ మా పెరటి తలుపు దాకా వెళ్లింది. గడియ తీసింది. తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్లి, అక్కణ్నుంచి అరిచింది. "బతికిపోయానోయ్!"

నాలుగు భాషల్లోనూ అలాగే అరిచింది. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి చూసింది. నేను కింద కూర్చుని నవ్వలేక చచ్చాను.

లోపలికి వచ్చి వరసగా నాలుగు సంతకాలు పెట్టింది. పెడుతూ పెడుతూ, "మన దీపమే కదా అని ముద్దు పెట్టుకోకండి, మూతి కాలుతుంది" అంది అన్నయ్యతో.

"నాన్న ఒప్పుకునేవాడా?" అన్నాను నేను. ఆ మాట అడిగానని చెప్పుకోవడం తప్ప దానివల్ల ఎవరికీ ఒరిగింది లేదు.

"నాన్న ఒక్క భాషే వచ్చినవాళ్లని ఎందుకు పట్టుకున్నాడంటావ్? నాలుగూ వచ్చినవాళ్లు దొరక్క" అన్నాడు అన్నయ్య.

అప్పటికి అది సబబుగానే తోచింది. అన్నీ తెలిసిన మనిషికి ఏదీ తప్పుగా అర్థం కాదనీ, వినికిడికి అంతకన్నా పనికిరాని మనిషి లేదనీ నాకు ఆ వేళ తట్టలేదు. చీటీలో 'స్థలం' గడి ఖాళీగా ఉంది. 'పడమటి తలుపు దగ్గర' అని రాశాను. మా పెరటి తలుపు కూడా పడమటిదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

సోమవారం తనిఖీ వాళ్లు చీటీ చూశారు, బాగుందన్నారు. మేనేజర్ మా గదికి స్వయంగా వచ్చి అన్నయ్య భుజం తట్టాడు. ఆ తర్వాత ఆ సీజను నోటీసులన్నీ మా వంటింట్లోనే వినికిడి అయ్యాయి. ఫ్యాను దగ్గర జాగ్రత్త, తడినేల మీద జాగ్రత్త, పెట్టెలు ఎత్తు పేర్చవద్దు. పని సగం రోజులో తెమిలేది. పోనుపోను వదిన చేసి చూపించడం కూడా మానేసింది. రోజంతా నిలబడి వచ్చి, గోడకి జారగిలబడి, నేను చదువుతుంటే "ఊఁ, ఊఁ" అనేది. సంతకాలు నాలుగూ ఒకదానికింద ఒకటి, ఒకే వాలుగా పడేవి. మధ్యమధ్యలో దగ్గేది.

"నడవా వైపు వాసన బాగా ఎక్కువైందటనే" అంది ఒకరోజు. "నేనెప్పుడూ అటు పోను కదా. మా మోతవాళ్లు చెబుతున్నారు. పళ్ల వాసన కూడా తెలియట్లేదట వాళ్లకి."

"ఇంకో నెల. సీజను అయిపోతే మిషను ఆపుతారు" అన్నాడు అన్నయ్య.

మోతవాళ్లలో పెట్టెల తాత అని ఒక పెద్దాయన ఉండేవాడు. నాన్న కాలం నుంచీ వాళ్ల భాషకి వినికిడి మనిషి ఆయనే. చేసి చూపించమంటే అందరిలా మొక్కుబడిగా కాక, దొంగని పట్టబోతున్నంత శ్రద్ధగా చేసేవాడు. ఒక పొద్దున గేటు దగ్గర కుళాయి కింద కాళ్లు కడుక్కుంటూ నన్ను ఆపాడు. ఇన్నేళ్లలో మా భాష ఆయనకి అరకొరగా అబ్బింది.

"ఏమ్మా, మేం చేదైపోయామా? నోటీసులు వస్తున్నాయి, మమ్మల్ని పిలవడం లేదు."

"సీజను కదా తాతా. పని ఆపొద్దన్నారు."

"పని ఎప్పుడూ ఉండేదే. ఒక్కసారి నడవా చివరికి రా తల్లీ. నీ కాగితం నువ్వు చూసుకుందువుగాని."

"వస్తాలే."

"వస్తాలే అంటే కాదు. రేపు రా."

అన్నయ్యకి చెబితే, "తాతకి పెద్దరికం పోయిందని బాధ. సీజను అయ్యాక పిలుద్దాంలే" అన్నాడు. నాకెందుకో మనసు ఒప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం నేనే వెళ్లాను.

ఆ వేసవిలో నేను నడవాలోకి అడుగుపెట్టడం అదే మొదలు. సగం దూరం వెళ్లేసరికి ముక్కు మండింది, గొంతులో గరగర. చలి ఒకవైపు, ఘాటు ఒకవైపు. పెట్టెల తాత కోసం చూశాను. ఐదో గదిలో సరుకు సర్దుతున్నాడని ఎవరో చేత్తో చూపించారు. గది తలుపు వేసి ఉంది. సరే, వచ్చాను కదా అని చివరిదాకా నడిచాను. అక్కడ చెక్కపెట్టెలు నేలనుంచి కప్పుదాకా గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. సరిగ్గా మధ్యలో, మనిషి కళ్ల ఎత్తున, బల్బు కింద, మా నోటీసు పెట్టెలకి అంటించి ఉంది.

బాగా కనబడేలా పెట్టారే అనుకున్నాను. నాలుగు భాషలూ వరసగా చదివాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. కాగితం కుడివైపు కాస్త ఒరిగి ఉంటే సరిచేసి, మూల గోరుతో నొక్కాను. నోటీసు బాగానే ఉంది తాతా అని చెప్పమని ఎవరితోనో కబురు పెట్టి వచ్చేశాను.

అది జరిగిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం సైరను మోగింది.

మా గది కిటికీలోంచి ప్యాకింగ్ హాలు గేటు కనిపిస్తుంది. జనం ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తుకొస్తున్నారు. అన్నయ్య చేతిలో ప్రూఫు కాగితంతోనే మెట్లు దిగాడు, నేను వెనకే. ప్యాకింగు వాళ్లందరూ వచ్చేశారు. వదిన వాళ్లని లెక్కపెడుతూ గేటు దగ్గర కనబడింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"నడవా మధ్యలో పైపు పోయిందట" అంది. "లోపల పదిహేడు మంది ఉన్నారు. మోతవాళ్లూ ఐసు గదుల వాళ్లూ."

"వాళ్లకి పడమటి తలుపు ఉంది. అటునుంచి వచ్చేస్తారు" అన్నాడు అన్నయ్య. అందరం పడమటి వైపు పరిగెత్తాం. అక్కడ పెరిగిన గడ్డి, మూసిన తలుపు. మిషన్ల మనిషి ఒకడు గడియ లాగాడు. తలుపు బయటికి తెరుచుకుంది. వెనకాల పెట్టెలు. కిందనుంచి పైదాకా, లాగినా ఊడిరానంత బిగించిన పెట్టెలు. వాటి అవతలనుంచి చేతులతో కొడుతున్న చప్పుడు.

అప్పుడు అర్థమైంది నాకు. సరుకు ఎక్కువై చోటు లేక, సీజను మొదట్లోనే ఆ తలుపుకి అడ్డంగా పెట్టెలు పేర్చారు. తలుపు మీద అంటించాల్సిన నోటీసు అక్కడైతే కనబడదని ఎవరో బుద్ధిమంతులు దాన్ని పెట్టెల మీద అంటించారు. నేను వెళ్లి కాగితం చూశాను. తలుపు చూడలేదు. లోపలివాళ్లు నోటీసులో ఏముందో ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థం చేసుకున్నారు. మిషన్ల వైపు పోలేదు. ముక్కులకి తడిగుడ్డలు కట్టుకున్నారు. పెట్టెలు లాగేయొచ్చనుకున్నారేమో, అందరూ పడమటికే వెళ్లారు.

పక్కకి చూస్తే వదిన లేదు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి తూర్పు గేటు వైపు పరిగెడుతోంది. నేను గేటు చేరేసరికి కుళాయి కింద కొంగు తడిపి ముక్కుకి కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్నయ్య "ఒసేయ్, ఆగు!" అని అరిచాడు. ఆయన జన్మలో అంత గట్టిగా అరవడం నేను వినలేదు.

మాకు ఆమె గొంతు మాత్రమే వినిపించింది. మోతవాళ్ల భాషలో ఒకసారి, ఐసు గదుల వాళ్ల భాషలో ఒకసారి. గోడ పట్టుకోండి, వెనక్కి తిరగండి, నా గొంతు వైపు రండి. మళ్లీ మోతవాళ్ల భాష. మళ్లీ ఇంకోటి. మధ్యలో దగ్గు. ఒక్కొక్కరే గోడ తడుముకుంటూ వచ్చారు. వచ్చినవాళ్లని లాగి కుళాయి కిందకి తోస్తున్నాం. పద్నాలుగు మంది వచ్చారు. పద్నాలుగో మనిషి బయటపడేసరికి గొంతు వినబడటం ఆగిపోయింది. ఇద్దరు వెళ్లి ఆమెను మోసుకొచ్చారు.

పెట్టెల తాత రాలేదు. ఇంకో ఇద్దరు కూడా.

వదిన బతికింది. ఊపిరితిత్తులు కాలాయన్నారు, నెమ్మదిగా కోలుకుంటుందన్నారు. గొంతు మాత్రం తిరిగి రాదన్నారు. మంచం మీద నన్ను చూసి పెదాలు కదిపింది. అచ్చుతప్పు అని పిలిచిందని పెదాల కదలికను బట్టి తెలుసుకున్నాను. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నాలుగో రోజు మేనేజర్ ఆస్పత్రికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. వరండాలో అన్నయ్యని పక్కకి పిలిచి మాట్లాడాడు. నేను గోడకి ఆనుకునే ఉన్నాను.

"విచారణకి వస్తున్నారు మాస్టారూ. మీకేం భయం లేదు. నోటీసులో తప్పు లేదు. వినికిడి పడమటి తలుపు దగ్గరే జరిగిందని చీటీలో ఉంది. విన్న మనిషి తలుపుకి అడ్డం ఉందని చెప్పి ఉండాలి. చెప్పలేదు. చీటీ ప్రకారం అంతే. ఆవిడ ఈ స్థితిలో ఉంది కాబట్టి ఆవిణ్ణి ఎవరూ గట్టిగా అడగరు."

అన్నయ్య ఇంటికి వచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి, "మన గది నిలుస్తుంది చెల్లీ" అన్నాడు.

"గది నిలుస్తుంది. మరి వదిన?"

"దానికేం కాదు. అది మాట్లాడలేదు కదా."

"మాట్లాడలేదు కాబట్టేగా అన్నయ్యా."

ఆయన నా వైపు చూడలేకపోయాడు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. పెరటి తలుపు చూసేసరికి అది నా మీదకే తిరిగింది. ముగ్గురిని చంపిన మనిషిగా వదిన పేరు కాగితాల్లో ఉండిపోవడానికి ఇక కావలసింది మేమిద్దరం నోరు మూసుకోవడం, అంతే.

విచారణకి వచ్చిన అధికారి నడివయసు ఆడమనిషి. మా నోటీసు గదిలోనే బల్ల ముందు కూర్చుంది. వదినని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. బయట జనం గుమిగూడి ఉంటే అధికారి లేచి తలుపు వేసి, గడియ పెట్టి వచ్చింది. వదిన ఆ గడియ వైపే చూస్తూ ఉండిపోయింది.

అధికారి వినికిడి చీటీ తిప్పి మా ముందు పెట్టింది. "నాలుగు సంతకాలూ ఒకరివేనా?"

"అవునండీ" అన్నాడు అన్నయ్య. "ఆమెకి నాలుగు భాషలూ వచ్చు."

"స్థలం, పడమటి తలుపు దగ్గర. ఆ రోజు తలుపు తీసే ఉందా?"

అన్నయ్య ముద్ర పిడి మీద వేలు పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు. అవునన్నా అబద్ధమే, కాదన్నా వదిన మీదకే పోతుంది. వదిన ఆయన వైపు చూడటం లేదు.

"ఆ గడిలో రాసింది నేనండీ" అన్నాను. "రాసింది అబద్ధం. వినికిడి మా వంటింట్లో జరిగింది. ఈమె మా పెరటి తలుపు తీసింది. ఈమెనే అడుగుదామని ముందు అన్నది నేను. తర్వాత నడవాలోకి వెళ్లి చూసొచ్చింది కూడా నేనే. నోటీసు సరిచేసి వచ్చాను."

అన్నయ్య ముద్ర మీంచి వేలు తీశాడు. "చెల్లెలు సరదాకి అంది. చేయించింది నేను" అన్నాడు.

పెట్టెలు పేర్చమన్నది ఎవరో వేరే రోజు, వేరే గదిలో తేలింది. మా ఇద్దరి ఉద్యోగాలూ ఆ వారమే పోయాయి. నోటీసు గదికి తాళం పడింది. అన్నయ్యా వదినా ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆయన మాత్రం ఆ తర్వాత వంటింట్లో కూర్చుని తిన్నది లేదు, కంచం ముందు గదిలోకి తెచ్చుకుంటాడు.

ఆ రోజు అధికారి మేం చెప్పిందంతా రాసుకుంది. రాసింది మొదటినుంచీ చదివి వినిపించింది. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి ముగ్గురి వైపూ చూసింది.

"అర్థమైందా?"

అన్నయ్య తలూపాడు. నేనూ తలూపాను.

వదిన కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి తీసేసింది. బల్ల చుట్టూ తిరిగి, గోడ ఆసరాతో తలుపు దాకా నడిచింది. గడియ తీసింది. రెండు చేతులతో తలుపు తోసింది. అది తెరుచుకుంది. గుమ్మంలో నిలబడి మెట్ల వైపు ఒకసారి, వరండా వైపు ఒకసారి చూసింది. తలుపు అలాగే తీసి ఉంచి, వెనక్కి వచ్చి, కలం తీసుకుని కాగితం కింద సంతకం పెట్టింది.

ఒక్కటే పెట్టింది.